పిలుపు, పని, కూలి – మన సీమ చరిత్రలో కొన్ని పుటలు

శతవార్షిక సంచికలలో ఆలయాల పునాదిరాళ్లను గూర్చి, అధ్యక్షుల వరుసను గూర్చి, ప్రతిష్ఠలు జరిగిన తేదీలను గూర్చి వ్రాయడం ఆచారం. అవి తప్పక ఉండవలసిన సంగతులే. అయితే గడచిన తరాలలో సంఘమును భుజాలమీద మోసినవారిలో ఎక్కువమంది ప్రసంగ వేదిక ఎక్కనివారు. పలకపై అక్షరాలు దిద్దించిన పంతుళ్లు, పుండ్లు కడిగి కట్లు కట్టిన కాంపౌండర్లు, ఇంటింటికి తిరిగిన బైబిలు స్త్రీలు, పగలంతా కంబారి పనిచేసి సాయంకాలం గుడిలో దీపం వెలిగించిన పెద్దలు వీరిలో ఉన్నారు. వీరి పనిని దేవుని పిలుపుగా ఎంచవచ్చునా, లేక పిలుపు అనేది పాదిరిగారికి మాత్రమే చెందినదా? మన యువజన కూటములలో ఈ ప్రశ్న తరచుగా వినబడుతున్నది. ఉద్యోగం కోసం విశాఖపట్నానికో, హైదరాబాదుకో, ఇంకా దూరానికో వెళ్లే పిల్లలకు ఇది పుస్తకాల ప్రశ్న కాదు. శ్రీకాకుళం, విజయనగరం సీమల చరిత్రనుండే దీనికి జవాబు వెదకవలెనని మేము ఈ వ్యాసానికి పూనుకున్నాము.

మాటలోనే ఉన్న చిక్కు

పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథరు జర్మను భాషలో 'బెరూఫ్' అనే మాటకు కొత్త వెలుగు నిచ్చాడు. అంతవరకు మఠాలలో ఉండేవారికి, గురువులకు మాత్రమే వర్తించిన 'పిలుపు' అన్న అర్థాన్ని ఆయన చెప్పులు కుట్టేవాని పనికి, పాలు పితికే పనిమనిషి పనికి కూడ వర్తింపజేశాడు. ఈనాటికీ జర్మనులు ఉద్యోగాన్ని ఆ మాటతోనే చెప్పుకుంటారు. మన భాషలో పని, కొలువు, ఉద్యోగం, వృత్తి అని ఎన్నో మాటలున్నా వాటిలో పిలుపు అనే ధ్వని లేదు. పైగా వృత్తి అనగానే మనకు కులవృత్తి గుర్తుకు వస్తుంది. ఎవడు ఏ పనిలో పుట్టాడో ఆ పనిలోనే చావవలెనన్న కట్టుబాటును మన తాతలు అనుభవించారు. అందుచేత లూథరు బోధను యథాతథంగా ఇక్కడికి తెచ్చి 'నీవున్న పనిలోనే ఉండు, అదే దేవుని చిత్తం' అని చెప్పినట్లయితే, ఊరికి దూరంగా ఉంచబడినవారికి అది సువార్త కాజాలదు. వారిలో అనేకులకు మిషను బడి తలుపు తెరచుకోవడమే మొదటి సువార్త అయింది. తండ్రి చేసిన పనిని విడిచి మరొక పనికి వెళ్లగల స్వేచ్ఛ కూడ పిలుపులో భాగమేనని మన సీమ చరిత్ర చెబుతున్నది.

తర్జుమా బల్ల దగ్గర

లండన్ మిషనరీ సొసైటీ వారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనేవారు 1805లో విశాఖపట్నం చేరారు. ఆనాడు విజయనగరం విశాఖపట్నం జిల్లాలోను, శ్రీకాకుళం గంజాం జిల్లాలోను ఉండేవి. శ్రీకాకుళం ప్రత్యేక జిల్లాగా 1950లోను, విజయనగరం 1979లోను ఏర్పడ్డాయి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను కన్నుమూశారు. నాలుగైదేండ్ల సేవ మాత్రమే వారికి దక్కింది. అయినా ఆ కొద్ది కాలంలోనే సువార్తలను తెలుగులోకి తేవడానికి పూనుకున్నారు. వారి మరణానంతరం 1812లో మొదటి మూడు సువార్తలు శ్రీరాంపురంలో అచ్చయినాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది.

ఈ పనిలో డెస్ గ్రాంజెస్‌కు కుడిభుజంగా నిలిచినవాడు ఆనందరాయరు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మిన పండితుడాయన. పరదేశికి నోటికి వచ్చిన తెలుగు వేరు, జనానికి చెవికి ఎక్కే తెలుగు వేరు. ఏ మాట ఎక్కడ పొసుగుతుందో, ఏది వింటే జనం నవ్వుతారో చెప్పగలవాడు పక్కన లేకపోతే ఎంత భక్తిపరుడైన మిషనరీ అయినా చేయగలిగింది కొద్దే. ఆనందరాయరుకు పూర్వాశ్రమంలో అబ్బిన చదువే ఆయన పరిచర్య అయింది. దేవుడు ఆయనను పిలిచినప్పుడు చేతిలోని గంటాన్ని పారవేయమనలేదు. దానితోనే మరొక పని చేయించుకొన్నాడు. ఈ సీమలో మనకు దొరికే మొదటి పాఠం ఇదేనని మా అభిప్రాయం.

నోవా స్కోషియా పంతులమ్మ, రంగం కూలీలు

రెండవ పాఠం సముద్రాలు దాటి వచ్చింది. కెనడా దేశపు తూర్పు తీరాన నోవా స్కోషియా రాష్ట్రంలో హన్నా మరియ నోరిస్ అనే బడిపంతులమ్మ ఉండేది. మిషనరీగా వెళ్తానని ఆమె అడిగితే బాప్టిస్టు మిషను బోర్డు తమవద్ద సొమ్ము లేదన్నది. కావలెనంటే మీ సహోదరీలను అడిగి చూడమన్నది. ఆమె ఆ మాటను అక్షరాలా పట్టుకొన్నది. 1870 వేసవిలో ఊరూరా తిరిగి ముప్పైకి పైగా స్త్రీల సహాయ సమాజాలను స్థాపించింది. రైతుల భార్యలు, జాలరుల భార్యలు చేర్చిన చిల్లర నాణాలే ఆమెకు ఓడ ఖర్చు అయినాయి. ఆ యేడే ఆమె బర్మాకు బయలుదేరింది. తరువాత విలియం ఆర్మ్‌స్ట్రాంగ్‌ను వివాహమాడింది. సయాం దేశంలోని కరెన్ ప్రజలకు సేవ చేయవలెనని ఆ మిషనరీ బృందం అనుకొన్నది. అక్కడ కరెన్లు కొద్దిమందే ఉన్నారని తేలడంతో 1875లో వారు తెలుగు సీమకు మారారు. భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి మొదలైన కేంద్రాలు ఆ విధంగా ఏర్పడినవే. ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు కొంతకాలం శ్రీకాకుళంలో పనిచేశారు.

అనంతరం ఆ దంపతులు మళ్లీ బర్మాకే వెళ్లి, అక్కడి తెలుగువారి మధ్య, తమిళుల మధ్య శేషజీవితం గడిపారు. బర్మాలో తెలుగువారెందుకున్నారో మన పెద్దలకు చెప్పనక్కరలేదు. రంగూనును మనవారు 'రంగం' అనేవారు. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవులలో ఆవిరి ఓడలు ఎక్కి మన ఊళ్లనుండి వేలాదిమంది కూలికి వెళ్లారు. రేవులో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, బియ్యపు మిల్లులలో పనిచేశారు. మేస్త్రీ ముందుగా బయానా ఇచ్చి ఓడ ఎక్కించేవాడు. ఆ తరువాత కూలిలో తన వంతు కోసుకొనేవాడు. 1931 నాటికి రంగూను జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకొని, సమ్మె తీరగానే ఆ బర్మావారిని పొమ్మన్నారు. ఆకలి మీద ఆకలి ఎగబడింది. ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. చచ్చినవారిలో ఎక్కువమంది మనవారే. 1942లో జపానువారు రంగూనును పట్టుకొన్నప్పుడు లక్షలాది భారతీయులు కొండలెక్కి కాలినడకన అస్సాం దారి పట్టారు. దారిలో పోయినవారికి లెక్కలేదు.

ఈ రెండు ప్రయాణాలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవలెనని మా మనవి. ఒకే సముద్రం మీద ఒక స్త్రీ పిలుపు విని వెళ్లింది. వేలమంది అప్పు తీర్చుకోడానికి వెళ్లారు. ఆమె ప్రయాణాన్ని సేవ అంటాము, వారి ప్రయాణాన్ని కూలి అంటాము. కాని ఇంటిదగ్గర పిల్లలకు గంజి పోయడానికి రంగం రేవులో బస్తా మోసిన తండ్రి పనిలో ప్రేమ లేదని ఎవరనగలరు? ఆ ప్రేమను దేవుడు చూడలేదని ఎవరనగలరు? అదే సమయంలో ఆ మేస్త్రీ పద్ధతిని దేవుడు ఏర్పరచిన పిలుపు అనడానికి కూడ మన నోరు రాదు. మనిషి చేసే కష్టంలో పిలుపు ఉండవచ్చును. ఆ కష్టాన్ని దోచుకొనే ఏర్పాటులో మాత్రం ఉండదు. ఈ భేదాన్ని పట్టుకొంటేనే మన ప్రశ్నకు జవాబు తిన్నగా దొరుకుతుంది.

సవరల భాష నేర్చిన పంతులుగారు

ఇక సంఘము వెలుపలి ఒక ఉపాధ్యాయుని గూర్చి చెప్పడం ధర్మమని తలుస్తున్నాము. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. చిన్న జీతపు పంతులు ఉద్యోగం ఎందరో చేశారు. పంతులుగారి విశేషమేమంటే, కొండలనుండి సంతకు దిగివచ్చే సవరలను చూసి వీరికి బడి ఎందుకు లేదని ఆలోచించారు. బడి పెట్టవలెనంటే వారి భాష రావలెను. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. అందుచేత సవరభాష తెలిసినవానిని ఇంట పెట్టుకొని తానే ముందుగా విద్యార్థి అయినారు. కొండలలో తిరిగి మలేరియా జ్వరంతో బాధపడ్డారు; దానికి వాడిన క్వినైను మందువల్ల చెవుడు వచ్చిందని చెప్పుకొంటారు. భాషకు చెవే ఆధారమైన మనిషికి అది చిన్న నష్టం కాదు.

అయినా పని ఆగలేదు. సవరలకు పాఠపుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. 1913లో ప్రభుత్వం వారికి రావు బహదూర్ బిరుదమిచ్చింది. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడినాయి. అప్పటికి వారి వయస్సు డెబ్బై దాటింది. మనం ఈనాడు చదువుకొనే వాడుక తెలుగు కోసం వారు చేసిన పోరాటం లోకవిదితమే. జనం మాట్లాడే మాటలోనే చదువు ఉండవలెనన్న పట్టుదల వారికి కొండజాతి పిల్లల ఎదుట కూర్చున్నప్పుడే బలపడిందని మేము అనుకొంటున్నాము. పంతులుగారు క్రైస్తవులు కారు. దేవుని పిలుపు అన్న మాట వారు తమ పనికి వాడి ఉండకపోవచ్చును. కాని మంచి సమరయుని కథను నమ్మేవారము, మేలు చేసినవానిని గుర్తించడానికి ముందుగా అతని మతం అడగము. ఉద్యోగం ఒక గంటల పట్టీ ఇచ్చింది. ఆ పట్టీకి వెలుపల నిలిచిన పిల్లవాణ్ణి చూసినప్పుడు వారికి పని దొరికింది.

చూపు, చేతులు

సోంపేటలోని కెనడియన్ బాప్టిస్టు మిషను ఆసుపత్రిని ఎరుగనివారు మన ప్రాంతంలో అరుదు. అక్కడ డాక్టర్ బెన్ గల్లిసన్ కంటి శస్త్రచికిత్సలు చేసేవారు. శుక్లాలు పొరకట్టి చూపుపోయిన రైతు, మగ్గం మీది నేతగాడు, వలలు అల్లే ముసలివాడు చేయి పట్టించుకొని వచ్చేవారు. ఆ రోజులలో మసకబారిన కటకాన్ని తీసివేసి, కన్ను మానిన తరువాత దళసరి కళ్లద్దాలు ఇచ్చేవారు. చూపు రావడమంటే మళ్లీ పనిలోకి వెళ్లడం, ఇంటిలో బరువుగా మిగలకుండా ఉండడం. డాక్టరుగారు కెనడాలోని కాల్గరీ నగరంలో ఈ సంగతి చెప్పగా విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో 'ఆపరేషన్ ఐసైట్' అనే సంస్థను ప్రారంభించారు. సోంపేటకు సాయంగా పుట్టిన ఆ సంస్థ క్రమంగా అనేక దేశాలకు వ్యాపించింది. వైద్యుడు కత్తి పట్టాడు, వ్యాపారి చందా పుస్తకం పట్టాడు. కాని దీపం పట్టుకొన్న నర్సు, కట్టు మార్చిన వార్డు బాయి, వంటశాలలో గంజి కాచిన అమ్మ లేకుండా ఒక్క కన్నయినా తెరుచుకొనేది కాదు. వారి పేర్లు ఏ సంస్థ చరిత్రలోను కనబడవు.

సాలూరు సంగతి మరొక విధమైనది. జర్మనీలోని బ్రెక్లుం పట్టణంనుండి 1882లో జయపురం సీమకు వచ్చిన లూథరను మిషనరీలు సాలూరులో కూడ పనిచేశారు. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఆ ఊరిలో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి వెలసింది. కుష్ఠు సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టినా, సరియైన మందు 1940 తరువాతగాని రాలేదు. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సతో ఆ రోగం నయం కావడం సులువయింది. రోగం నయమైనా స్పర్శ పోయిన చేతికి, వంకరపోయిన వ్రేళ్లకు పని ఎవరిస్తారు? ఊరు తిరిగి రానిస్తుందా? ఈ ప్రశ్న మందుతో తీరేది కాదు.

ఇక్కడ వేలూరు డాక్టర్ పాల్ బ్రాండ్‌ను తలచుకోవలెను. ఆయన వైద్యం చదువకముందు కొన్ని సంవత్సరాలు వడ్రంగం, తాపీపని నేర్చుకొన్నారు. వైద్యుడైన తరువాత ఆ చదువు వ్యర్థమయినట్లే కనిపించింది. కాని 1940వ దశకం చివరలో వేలూరులో ఆయన కుష్ఠురోగుల వంకర వ్రేళ్లకు శస్త్రచికిత్సలు చేసినప్పుడు, బాగుపడిన చేతులకు పని నేర్పవలసి వచ్చింది. అప్పుడు ఆ వడ్రంగపు ఉలి మళ్లీ అక్కరకు వచ్చింది. రోగులు బొమ్మలు చేయడం నేర్చుకొన్నారు. మన విజయనగరంలో లెప్రసీ మిషన్ వారు నెలకొల్పిన వృత్తి శిక్షణ కేంద్రం కూడ ఇదే దారిలో నడిచింది. రోగం తగిలిన కుటుంబాల పిల్లలు అక్కడ చేతిపనులు నేర్చుకొని బయట కూలి సంపాదించుకొన్నారు. దయతో పెట్టిన అన్నం కడుపు నింపుతుంది. తన కష్టంతో తెచ్చుకొన్న అన్నం తల ఎత్తిస్తుంది.

సేవ పేరిట కూలి ఎగవేత

ఇంతవరకు చెప్పినది వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని ఒక చేదు నిజం కూడ ఈ సంచికలో చెప్పకపోతే మనస్సాక్షి ఒప్పుకోదు. పిలుపు, సేవ అన్న మాటలను మనవారు కొన్నిసార్లు కూలి తగ్గించడానికి వాడుకొన్నారు. పల్లెబడి పంతులు, బైబిలు స్త్రీ, ఆలయ కాపరి నెల జీతం అడిగితే 'ప్రభువు సేవలో జీతం లెక్కా?' అన్న జవాబు విన్న కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. ఆ మాట అన్నవారి ఇంట మాత్రం నెల మొదటి తారీఖున జీతం తప్పలేదు. కోత కోసినవారి కూలిని బిగబట్టిన ధనికులను యాకోబు ఎంత కఠినంగా హెచ్చరించాడో మనం ఎరుగుదుము. పౌలు గుడారాలు కుట్టి తన పోషణ తానే చూసుకొన్నాడు. అయినా పనివాడు జీతానికి పాత్రుడన్న న్యాయాన్ని ఆయన కొట్టివేయలేదు. తన హక్కును తాను వదులుకోవడం త్యాగం. ఎదుటివాని హక్కును మనం వదిలించడం అన్యాయం.

ఈనాటి సంగతికి వస్తే, పలాసలో జీడిగింజలు ఒలిచే స్త్రీల వ్రేళ్లు గింజలోని నూనెకు కాలి నల్లబడతాయి. మన తీరపు జాలరులు బ్రతుకుతెరువు కోసం గుజరాత్‌లోని వేరావల్ వరకు వెళ్తున్నారు. 2018 నవంబరులో అక్కడినుండి వేటకు వెళ్లి పాకిస్తాను వారికి చిక్కిన మన రెండు జిల్లాల జాలరులు 2020 జనవరిలోగాని ఇల్లు చేరలేదు. ఉద్దానం పల్లెలలో మూత్రపిండాల జబ్బు కుటుంబం తరువాత కుటుంబాన్ని పట్టుకొన్నది. రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించుకొనే తండ్రి ప్రక్కన కూర్చున్న నర్సు మన సంఘపు బిడ్డయే కావచ్చును. వీరితో 'మీ పని దేవుని పిలుపు' అని చెప్పడానికి ముందు రెండు ప్రశ్నలు మనల్ని మనం వేసుకోవలెను. వీరి కూలి వీరికి అందుతున్నదా? ఇష్టముంటే ఈ పని విడిచి మరొక పనికి పోగల దారి వీరి పిల్లలకు ఉన్నదా? ఈ రెండింటికి మనం తోడు నిలిచినప్పుడే పిలుపు అన్న మాట మన నోట సత్యమవుతుంది.

ఇక యువజనులకు ఒక మాట. పిలుపు ఒక రాత్రి స్వప్నంలో వినబడే ఉద్యోగపు పేరు అని ఎదురు చూడవద్దు. ఆనందరాయరుకు తెలిసిన చదువు, నోరిసమ్మకు ఎదురైన 'సొమ్ము లేదు' అన్న మాట, గిడుగువారి సంతలో కనబడిన సవరలు, గల్లిసన్ వద్దకు చేయి పట్టించుకొని వచ్చిన గ్రుడ్డివారు – వీరందరికీ పిలుపు తమ చేతిలోని పనికి, ఎదుటివాని అవసరానికి మధ్యనే దొరికింది. మీ చేతికి వచ్చిన పని ఏదో చూడండి. దానిని శ్రద్ధగా నేర్వండి. ఆ పని ఎవరి తలుపు తట్టవలసి ఉన్నదో కనుగొనండి.

సంఘ పెద్దలకు కూడ ఒక మనవి. ప్రతి సంఘము ఒక నోటు పుస్తకం కొని, తమ సంఘములోని పంతుళ్లు, దాదులు, బైబిలు స్త్రీలు, కంబారులు, రంగం వెళ్లి వచ్చినవారు, వెళ్లి రానివారు – వీరి పేర్లు, చేసిన పనులు వ్రాసి పెట్టవలెను. ముసలివారి జ్ఞాపకంలోనే ఉన్న ఆ పేర్లు వారితోనే మట్టిలో కలిసిపోకముందే ఈ పని జరగాలి. కోతపండుగనాడు ధాన్యపు కంకులతోబాటు ఆ పుస్తకాన్ని కూడ బల్లమీద పెట్టి, పేర్లు బిగ్గరగా చదివి స్తుతి చెల్లించవలెనని, ఆ సంవత్సరంలో సంఘము ఎవరికైనా బాకీపడిన జీతం ఉంటే ఆనాటికి ముందే తీర్చవలెనని మేము వినయంతో కోరుతున్నాము.